నలభై గజాల ఎంట్రన్స్

మా హైస్కూలు రోజుల్లో... ఈ మంచుదేశంలో, విండ్సర్ ఊళ్ళో సాయంత్రమైతే చాలు, నాన్న కారు డిక్కీలోంచి ముగ్గు పిండి డబ్బా తీసేవారు.

మూతపడ్డ ఫర్నిచర్ షాపు పార్కింగ్‌లో ఇక్కడో గీత. నలభై గజాల అవతల ఇంకో గీత. ఈ గీత దగ్గర వణుకుతూ నేను. ఆ గీత దగ్గర స్టాప్‌వాచ్ పట్టుకుని నాన్న. కారులో హీటర్ వేసుకుని అమ్మ...

"ఇంటి ముందు ముగ్గుకి దిక్కులేదు గానీ, పార్కింగ్ లాట్‌కి గీతలు!" అనేది అమ్మ, అద్దం కాస్త దించి.

"వాడి సీటు కన్నా నీ ముగ్గు ముఖ్యమా?" అనేవారు నాన్న.

సీటంటే యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీములో చోటు. ఇక్కడి ఫుట్‌బాల్‌లో బంతి కాళ్ళ దగ్గర కన్నా చేతుల్లోనే ఎక్కువ ఉంటుంది. ఆ పేరెందుకని అడక్కండి, చెప్పే ఓపిక అయిపోయింది. ఏటా వసంతంలో ఒక శనివారం యూనివర్సిటీ కోచ్ వచ్చి, చుట్టుపక్కల హైస్కూళ్ళ పిల్లల్ని ఆడించి చూసి, నచ్చినవాళ్ళని టీముకి పిలుస్తాడు. నాకా పిలుపు కావాలి. అంత గట్టిగా అప్పటికీ ఇప్పటికీ ఇంకేదీ కోరుకోలేదు...

నాన్నది గుంటూరు. ఎంట్రన్స్ రాసి ఇంజినీరైన మనిషి. ఆయన దృష్టిలో భూమ్మీద ఏ ఎంపికైనా ఎంట్రన్సే. మా స్కూల్ కోచ్ దగ్గరికి వెళ్ళి మహా గంభీరంగా అడిగారు, "దేనికి వెయిటేజీ ఎక్కువ సార్?" అని.

"ముందైతే నలభై గజాల పరుగు పెడతారు. ఆ తర్వాత..."

ఆ తర్వాత ఏమిటో వినడానికి నాన్న అక్కడ లేరు. ముగ్గు పిండి కోసం ఇంటికి బయల్దేరారు.

ఆ చలికాలమంతా పరిగెత్తాను. గీత నుంచి గీతకి... మంచు పడితే నాన్నే పారతో తోసి మళ్ళీ గీసేవారు. బంతి ఎప్పుడు ముట్టుకుంటానని అడిగితే, "అది చివర్లో రివిజన్‌లో చూద్దాంలే" అన్నారు. ఇప్పుడు తల్చుకుంటేనే పిక్కలు పట్టేస్తాయి.

ఆ శనివారం రానే వచ్చింది. పరుగులో నేనే ఫస్ట్! అదీ మామూలుగా కాదు... కోచ్ వాచీ చూసి, నన్ను చూసి, మళ్ళీ వాచీ చూశాడు. గట్టు మీద నాన్న పక్కనున్న తెల్లాయన చేయి పట్టుకుని ఊపేశారు. ఆయనెవరో ఇప్పటికీ మాకు తెలీదు.

మా పక్కింటి డానీ కూడా అదే రోజు పరిగెత్తాడు. పరిగెత్తాడు అనడం స్నేహధర్మం. వాడు గీత చేరేసరికి నేను నీళ్ళు తాగేసి వచ్చాను.

అప్పుడు కోచ్ బంతి తీశాడు.

"వేగంగా వెళ్ళు, వెనక్కి తిరుగు, పట్టుకో," అన్నాడు. వెళ్ళాను. వెళ్ళడం ఒక్కటే వచ్చు కదా... నేను తిరిగేలోపు బంతి నా వెనకాల ఎక్కడో దబ్బుమని పడింది. రెండోసారీ అంతే. మూడోసారి భయపడి నెమ్మదించాను, నన్ను అడ్డుకోడానికి వెంటపడుతున్న అవతలి కుర్రాడు వచ్చి హాయిగా పట్టుకుపోయాడు.

డానీ వంతు వచ్చింది. వాడు బంతి విసిరేవాడి భుజం చూసేవాడు. అది ఇంకా చేతిలో ఉండగానే, ఎక్కడ పడుతుందో అటు నడిచి వెళ్ళినట్టు వెళ్ళేవాడు. ప్రతిసారీ బంతి వచ్చి వాడి చేతుల్లో కూర్చుంది.

కోచ్ డానీని టీముకి పిలిచాడు. నా దగ్గరికొచ్చి భుజం తట్టి, "ఇవాళ ఇక్కడ నీకన్నా ఫాస్ట్ ఎవడూ లేడు. కానీ అంత తొందరగా ఎటు వెళ్తున్నావయ్యా?" అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే అడిగాడు.

నాన్న మాత్రం వదల్లేదు. కోచ్‌కి అడ్డంపడి, "సార్, సప్లిమెంటరీ ఏమైనా పెడతారా?" అని అడిగారు. ఆయన జాలిగా చూసి, షేక్‌హ్యాండ్ ఇచ్చి వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నాన్న మెల్లగా అన్నారు.

"ఒరే బుజ్జీ... ఆ డానీ ఎక్కడ కోచింగ్ తీసుకున్నాడో కనుక్కో."

"ఎక్కడా లేదు నాన్నా. రోజూ వాళ్ళన్నయ్యలతో వీధిలో ఆడుకుంటాడు. అంతే."

"ఊరికే ఆడుకుంటాడా?"

"ఊరికే."

సిగ్నల్ పచ్చగా మారినా కారు కదల్లేదు. వెనక హారన్లు మోగుతున్నాయి. అమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "నిన్ను కూడా ఆడుకోనివ్వాల్సింది రా..." అన్నారు నాన్న, రోడ్డు వైపే చూస్తూ.

ఆ పిలుపు నాకు మళ్ళీ రాలేదు. ఉద్యోగం వచ్చింది, నడుంనొప్పి వచ్చింది.

ఇప్పుడు శని, ఆదివారాల్లో మా పాత స్కూల్లో టీముకి పిల్లల్ని ఎంచడానికి సాయం వెళ్తున్నా. అందరూ అప్పటి నాకన్నా ఫాస్ట్. స్పీడ్‌కో క్యాంపు, క్యాచింగ్‌కో క్యాంపు, కోచ్‌లకి పంపడానికి పాట పెట్టిన ఆట వీడియో ఒకటి... ఇళ్ళకి వెళ్ళేటప్పుడు ఒక్కడి మొహంలోనూ ఆట ఆడిన కళ ఉండదు. నాలాగే అలిసిపోయి ఉంటారు, పదహారేళ్ళకే.

మా వీధిలోనూ ఇప్పుడు సాయంత్రాలు బంతి చప్పుడు లేదు...

ఎవరూ టైం చూడకుండా, దేనికీ పనికిరాకుండా, ఊరికే ఆడుకున్న సాయంత్రం మీకు ఒక్కటైనా ఉంటే కింద రాసి పెట్టండి. చదువుకుంటాను.