గిద్దలూరు గచ్చు మీద కెంపో, ఒక గొర్రెల కాపరి పట్టు

తొమ్మిదేళ్ల కాపురంలో నేను కరాటే లాంటి కెంపో విద్యలో సగమే నేర్చుకున్నాను. దాడి చేసే సగం. నా భార్య విమల ఆడపిల్లల హైస్కూల్లో ఆటల టీచరు. పెళ్లికి ముందు కర్నూలులో ఎవరి దగ్గరో ఈ విద్య నేర్చుకుంది. మార్కాపురంలో మా వరండాలో రోజూ సాయంత్రం టీ పొయ్యి మీద పెట్టి వచ్చి, "ఏదీ, చేయి పట్టుకోండి" అనేది. పట్టుకునేవాణ్ణి. ఆమె విడిపించుకునేది. ఆమె అరచేయి నా గడ్డం కింద వచ్చి ఆగేది. అక్కడితో నా పని అయిపోయేది. ఆ తరువాత ఏం జరుగుతుందో, ఎందుకు అలా తిరుగుతుందో నేను అడగలేదు. ప్రతి ఆదివారం ఆమె గిద్దలూరు వెళ్లి ఆడపిల్లలకు నేర్పేది. రెండు గంటల ప్రయాణం. ఒక్కసారి కూడా వెంట వెళ్లలేదు. విమల పోయి ఎనిమిది నెలలయింది. జ్వరం, నాలుగు రోజులు.

ఆమె శిష్యురాలు సుభాషిణి ఇప్పుడు ఆ తరగతి నడుపుతోంది. గిద్దలూరులో టైలరింగ్ షాపు ఆమెది. ఆ మధ్య ఒకరోజు ఫోన్ చేసింది. తరగతిలో ఈశ్వరి అనే అమ్మాయి ఉందట. ఇంటర్ పాసయింది, గిద్దలూరులో డిగ్రీ చేరాలని కోరిక. కానీ బస్సు దిగాక ఊరికి మూడు కిలోమీటర్లు కొండ వారన నడవాలి. వాళ్ల నాయన గొర్రెల కాపరి. ఆదివారం వచ్చి కూతురి చేయి పట్టుకుంటాడట. విడిపించుకుంటే కాలేజీ, లేకపోతే లేదు. "మా పిల్లలు ఒకరినొకరు గట్టిగా పట్టుకోరు సార్, నవ్వుతారు. టీచరమ్మ చేయి పట్టింది మీరే కదా. ఒక్కసారి వచ్చి పాపతో సాధన చేయించండి" అంది సుభాషిణి. సరేనన్నాను. ఈ విద్య ఏమిటో చూడాలన్న కుతూహలం మొదటిసారి కలిగింది. ఆలస్యంగానే.

మార్కాపురం బస్టాండులో ఆరున్నరకు గిద్దలూరు బస్సు ఉంది. టికెట్టు యాభై రూపాయల లోపే. ఎడమ వైపు కూర్చోవద్దు, పొద్దున ఎండ మొహం మీదే కొడుతుంది. కంభం దాకా చెలక భూములు, కంది, అక్కడక్కడా పత్తి. కుడి వైపు నల్లమల మనతోనే నడుస్తుంది. కొత్త రాష్ట్రం వచ్చి ఏడాది దాటింది కాబట్టి బస్సులో మాటలన్నీ రాజధాని గురించే. నా పక్కన నిమ్మకాయల గోతం కాళ్ల సందున పెట్టుకున్న పెద్దాయన కాసేపు విని, "రాజధాని యాడ కట్టినా మన బస్సు కంభంలో పదైదు నిమిషాలు ఆగేది ఆగేదే" అన్నాడు. ఆగింది. పదిహేను కాదు, ఇరవై నిమిషాలు. టీ తాగడానికి చాలు.

ఎనిమిదిన్నరకు గిద్దలూరు. తరగతి తొమ్మిదింటికి. బస్టాండు ఎదురుగా బండి మీద ఒకావిడ బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి అమ్ముతోంది. ప్లేటు ఇరవై. కెంపో నేర్పే చోటు ఎక్కడని అడిగాను.

"ఆ తన్నులాట బడి కాడికా అన్నా? స్టేషన్ రోడ్డులో పత్తి గోడౌను ముందర. మా చిన్నది కూడా పోతాది. పోయినప్పటి నుంచి ఇంట్లో వాళ్లన్న నోరు మూసుకున్నాడు" అంది. ఇంకో బజ్జి వేసింది. దానికి డబ్బు తీసుకోలేదు.

షేర్ ఆటోకు పది రూపాయలు. నడిచినా పావుగంటే. గోడౌను ముందు పత్తి బేళ్లు దించే సిమెంటు గచ్చు ఉంది. దాని మీద ఇరవై మంది దాకా ఆడపిల్లలు, చుడీదార్లలోనే, చున్నీలు నడుముకు బిగించి కట్టుకుని నిలబడ్డారు. గచ్చు మధ్యలో నాలుగడుగుల నల్లటి పలకరాయి పరిచి ఉంది. గుండ్రంగా గడియారంలా పన్నెండు అంకెలు చెక్కి ఉన్నాయి. ఆ రాయి నేను కోయించిందే. నేను పలకల ఫ్యాక్టరీలో సూపర్వైజర్ని. ఐదేళ్ల కిందట విమల అడిగితే చెక్కించి లారీలో పంపాను. దేనికని అడగలేదు. అంకెలు ఇప్పుడు సగం అరిగిపోయి ఉన్నాయి. పాదాలు పడి.

దేనికో సుభాషిణి చెప్పింది. కెంపోలో దిక్కులను గడియారంతో గుర్తుపెట్టుకుంటారు. మనం మధ్యలో నిలబడతాం. ఎదురుగా వచ్చేవాడు రాయి బయట, పన్నెండు అవతల ఉంటాడు. మన వెనక ఆరు. "ఎడమ కాలు ఆరులోకి" అంటే ఒక అడుగు వెనక్కి అని. చిన్నపిల్లలకు కూడా ఒక్కసారి చెబితే చాలు. మొదట అందరూ కుడి పిడికిలిని ఎడమ అరచేతితో కప్పి నమస్కరించారు. తరువాత గంటసేపు చూశాను. నేను కరాటే అంటే ఎగిరి తన్నడం అనుకునేవాణ్ణి. ఇందులో కాలు మోకాలి ఎత్తు దాటదు. చేతులు మాత్రం ఆగవు. ఒక దెబ్బ ముగిసిన చోటే రెండోది మొదలవుతుంది. చేయి వెనక్కి తీసుకోవడమనే వృథా లేదు. అరచేయి గడ్డం కిందికి వెళ్తుంది, అదే చేయి దిగేటప్పుడు మోచేయి అవుతుంది, మడమ ఎదుటివాడి పాదం మీద పడుతుంది. ఊపిరి వదలడం కూడా లెక్కే. వెడల్పు జాగా అక్కర్లేదు. బస్సులో సీట్ల మధ్య సరిపోతుంది. మా వరండాలోనూ సరిపోయేది.

తరువాత ఈశ్వరిని పిలిచారు. సన్నగా, పొడుగ్గా ఉంది. మాట తక్కువ. నేను పన్నెండు అవతల నిలబడి ఆమె కుడి మణికట్టు పట్టుకున్నాను. ఎడమ కాలు ఆరులోకి వేసింది, చేయి గుండ్రంగా పైకి తిప్పింది, విడిపించుకుంది. అరచేయి నా గడ్డం కింద సరిగ్గా ఆగింది. అచ్చం అదే ఎత్తు, అదే తిప్పు. "ఇంకోసారి సార్" అంది. ఎనిమిది సార్లు చేశాం. ఎనిమిది సార్లూ విడిపించుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

పదిన్నరకు వాళ్ల నాయన గురవయ్య వచ్చాడు. భుజాన కంబళి, చేతిలో కర్ర. గచ్చు అంచున చెప్పులు విడిచాడు. పిల్లలందరినీ ఒకసారి చూసి, "ఇంతమంది కలిసి ఎవరిని కొడతారు తల్లీ?" అన్నాడు. అందరూ నవ్వారు. ఈశ్వరి నవ్వలేదు.

"పట్టుకో నాయనా" అంది.

కర్ర సుభాషిణికి ఇచ్చి పట్టుకున్నాడు. ఈశ్వరి ఆరులోకి అడుగు వేసింది. ఆయనా ఒక అడుగు ముందుకు వేశాడు. చేయి పైకి తిప్పింది. ఆయన చేయీ పైకి వెళ్లింది, పట్టు మాత్రం అలాగే ఉంది. లాగింది. ఆమె ఎటు లాగితే అటే నడిచాడు. రెండోసారి. మూడోసారి. ఈశ్వరి మణికట్టు ఎర్రబడింది. గురవయ్య చేయి వదిలి, ఆ ఎరుపును బొటనవేలితో రుద్దాడు.

"నీ తప్పేం లేదులేమ్మా. ఆడ కొండ కింద వచ్చేటోడు నాయన మాదిరి నిదానంగ పట్టుకోడు గదా. పోదాం పా."

ఆయన మాటలో ఎగతాళి లేదు. ఈశ్వరి కంబళి కొసను చూస్తూ నిలబడింది.

నాకప్పుడు అర్థమయింది. పెళ్లయిన కొత్తలో ఒకసారి విమల మణికట్టు నా పట్టుకు కందింది. మరునాడు స్కూల్లో తోటి టీచరు, "చేతికేమయింది విమలా, ఇంట్లో అంతా బాగేనా?" అని అడిగిందట. విమల నవ్వుతూ వచ్చి చెప్పింది. నేను నవ్వలేకపోయాను. ఆ రోజు నుంచి ఆమె చేయి పైకి తిప్పగానే వేళ్లు సడలించేవాణ్ణి. చాలా కొంచెం. ఆమెకు తెలియదు. తెలిస్తే ఊరుకునేది కాదు. తానే విడిపించుకుంటున్నానని అనుకుంది. అదే ఈ పిల్లలకు నేర్పింది. ఇందాక ఈశ్వరి చేయి ఎనిమిది సార్లు వదిలింది కూడా నా వేళ్లే.

"గురవయ్యా, ఒక్క నిమిషం ఆగు. తప్పు పాపది కాదు, నాది" అన్నాను. జరిగింది చెప్పాను. పిల్లల ముందు చెప్పడం కష్టమే. నాలుగు వాక్యాల్లో అయిపోయింది.

గురవయ్య నన్ను ఎగాదిగా చూశాడు. "పెండ్లాం చేయి కందుతాదని వదిలినావా సారూ? దాంట్లో తప్పేముందిలే" అన్నాడు. తరువాత, "గొర్రెనైతే అట్ల వదిలితే సాయంత్రానికి మంద ఉండదు" అన్నాడు.

"నువ్వు గొర్రెను ఎట్లా పట్టుకుంటావు?" అని అడిగాను. కుతూహలంగానే అడిగాను.

"ఎనక కాలు పట్టుకుంటాం. అది లాగుతాది. లాగేటప్పుడు మనం నిలబడితే మన చేయి జారుతాది. అందుకని దాంతోపాటే పోతాం. నాలుగు అడుగులు పోయినాక అదే అలిసిపోతాది. ఎనక్కి లాగిన గొర్రె ఎప్పుడూ పోలేదు సారూ."

"మరి ఏది పోతుంది?"

గురవయ్య నవ్వాడు. "మేక. అది దొంగముండ. లాగదు. తిరిగి మన మోకాళ్ల మీదికే వస్తాది. మీదికొచ్చేదాన్ని ఎట్ల పట్టుకుంటావు? చేయి మడత పడతాది, బొటనవేలు తెరుచుకుంటాది. పాయె."

సుభాషిణి వంగి పలకరాయి వైపు చూసింది. నేను చెప్పాల్సిన పని లేకపోయింది. "ఈశ్వరీ, ఆరు కాదు. పన్నెండులోకి వెయ్యి" అంది. "ఆయన మీదికే పో. మోచేయి మడిచి ఆయన రొమ్ము వైపు దించు. బొటనవేలు పక్కనుంచి తియ్యి."

ముందు నా మీద చేయించింది. ఈసారి నేను వదలలేదు. మొదటిసారి ఈశ్వరి చిక్కుకుపోయింది. బాధతో పెదవి కొరుక్కుంది. నా వేళ్లు అలవాటుగా సడలబోయాయి. బిగించాను. రెండోసారి ముందుకు వచ్చింది. మోచేయి నా రొమ్ముకు తగిలింది, బొటనవేలు దానంతటదే తెరుచుకుంది. అరచేయి గడ్డం కింద ఆగలేదు, తగిలింది. నాలుక కరుచుకున్నాను. నా బొటనవేలి మొదలు కమిలింది.

"అయ్యో సార్!" అంది.

"ఫరవాలేదు. వెళ్లు" అన్నాను.

గురవయ్య మళ్లీ పన్నెండు అవతల నిలబడ్డాడు. పట్టుకున్నాడు. ఈశ్వరి ఒక్క అడుగు ఆయన మీదికే వేసింది. ఆయన వెనక్కి జరగబోయేలోపు చేయి బయటికి వచ్చేసింది. ఆమె మడమ ఆయన పాదం మీద, తాకీ తాకకుండా ఆగింది. గురవయ్య తన ఖాళీ చేతిని తిప్పి చూసుకున్నాడు.

"నిన్ను గొర్రెను మాదిరి పెంచినా గదమ్మా. మేకవైనావే" అన్నాడు. చెప్పులు వేసుకుని, సుభాషిణి దగ్గర కర్ర తీసుకున్నాడు. గేటు దాకా వెళ్లి ఆగాడు. "సారూ, కాలేజీ ఇడిచినాక మా పక్కకు బస్సు ఎన్ని గంటలకుందో ఏమన్నా తెలుసా?"

నాకు తెలియదు. ఈశ్వరికి తెలుసు. "నాలుగుంబావుకు నాయనా" అంది వెంటనే.

పన్నెండున్నర బస్సుకు తిరిగి బయలుదేరాను. ఈసారి ఆ రాయి ఎందుకు అరిగిందో తెలిసి వెళ్లాను. ఆరు అంకె మీద గుంట పడింది. పన్నెండు మాత్రం కొత్తగా ఉంది, దాని మీద ఎవరూ అడుగు వేయలేదు. విమల కళ్లు దేన్నీ వదిలేవి కావు. నా వేళ్లను మాత్రం నమ్మింది. దానికి బాధపడాలో ఏమో తెలియదు. ఆమె రోజూ అడిగింది ఒక్కటే, గట్టిగా పట్టుకోమని. ఇప్పుడు ప్రతి ఆదివారం ఆరున్నర బస్సు ఎక్కుతున్నాను. ఇరవై మంది పిల్లల్లో ఒక్కొక్కరి చేయీ పట్టుకుంటాను. పన్నెండు అంకె కాస్త కాస్త అరుగుతోంది.

మీలో ఎవరైనా ఈ తరగతి చూడాలని గిద్దలూరు వెళ్తే, లేదా మీ ఊళ్లోనే ఇలాంటిది మొదలుపెడితే, ఒక్క సలహా. మీ చేయి పట్టుకునే మనిషికి ముందే చెప్పండి, మీరు విడిపించుకునేదాకా వదలొద్దని. మీ మీద ఎక్కువ ప్రేమ ఉన్నవాళ్లకైతే రెండుసార్లు చెప్పండి. మణికట్టు కందితే కొబ్బరినూనె రాయండి, మూడు రోజుల్లో తగ్గుతుంది. నా బొటనవేలికి వారం పట్టింది.