మెట్ల కింది పేపర్లు

ఆయుధపూజ ముందురోజు మా కాలేజీ లైబ్రరీ మెట్ల కింద పేర్చి ఉన్న పాత దినపత్రికల కట్టలన్నిటినీ పాత కాగితాలు కొనే రద్దీవాడి ఆటోలోకి ఎక్కించమని చెప్పింది నేనే. ఆ తప్పు ఇంకెవరిదీ కాదు. వాటిలో కొన్ని కట్టలు ఒక విద్యార్థిని తన పరిశోధన కోసం ఏరి పెట్టుకున్నవని నాకు తెలుసు. పనుల ఒత్తిడిలో మరిచిపోయానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోలేదు. ఆ పూట పట్టించుకోలేదు, అంతే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. బెంగళూరులో ఒక వ్యాయామ విద్య కాలేజీలో లైబ్రేరియన్‌గా పనిచేస్తున్నాను. మాకు కంప్యూటరు ఒకటి వచ్చింది గాని దానిమీద ఎప్పుడూ గుడ్డ కప్పి ఉండేది. ఇంటర్నెట్టు కావాలంటే మెయిన్‌రోడ్డు మీది సెంటరుకు పోయి గంట లెక్కన కూర్చోవాలి. ఫుట్‌బాల్ మీద మా దగ్గరున్న పుస్తకాలతో బీరువాలో ఒక అర కూడా సగం నిండదు. అన్నీ ఆట నియమాలు, శిక్షణ పద్ధతులు. ఈ ఊళ్ళో ఎవరు ఆడారు, ఏ గ్రౌండులో ఆడారు, గెలిచారా ఓడారా అన్నది వాటిలో ఎక్కడా లేదు.

ఆ అమ్మాయికి కావలసింది సరిగ్గా అదే. మాస్టర్స్ డిగ్రీకి రాయవలసిన డిసర్టేషన్‌కు ఈ ఊళ్ళో ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్లు మొదలైన సంవత్సరాలను విషయంగా ఎంచుకుంది. ప్రాక్టీసు కోసం హాస్టల్లో ఉన్నా, వాళ్ళ ఇల్లు ఊరి చివర బొమ్మనహళ్ళిలో. కోలారు వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు. వాళ్ళ పిన్ని ఆ తొలి జట్లలో ఆడిందట. ఇప్పుడు గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టుమిషను మీద పనిచేస్తోంది. ఒకప్పుడు ఆడానంటే పక్క మిషను మీద కూర్చునేవాళ్ళు కూడా నమ్మరని ఆ అమ్మాయి నాతో నవ్వుతూ చెప్పింది. కానీ ఆ విషయం ఎంచుకోవడం వెనక ఉన్నది అదేనని నాకు అర్థమైంది. ఆమె గైడు మాత్రం గట్టి మనిషి. అచ్చులో ఉన్న ఆధారాలు చూపిస్తేనే రాయనిస్తాను, లేకపోతే దసరా సెలవుల తరవాత వేరే విషయం తీసుకోవలసిందే అని ముందే చెప్పేశారు.

ఆధారాలంటే మిగిలినవి మెట్ల కింది పేపర్లే. కన్నడ దినపత్రికలను మా కాలేజీ ఎన్నడూ బైండు చేయించలేదు. ఏడాదికేడాది దుమ్ముపట్టి, అంచులు ఎలుకలు కొరికి, అక్కడే పేరుకున్నాయి. ఎండాకాలం నుంచీ ఆ అమ్మాయి మధ్యాహ్నాలు ప్రాక్టీసు అయ్యాక వచ్చి, ముక్కుకు చున్నీ కట్టుకుని, నేలమీద కూర్చుని ఒక్కొక్క పేపరూ తిప్పేది. మగవాళ్ళ క్రికెట్టుకు పేజీ అంతా ఇచ్చి, కింద మూలన రెండు లైన్లు ఆడపిల్లల ఆటకు. ఆ రెండు లైన్లున్న పేపర్లను విడదీసి, అరిగిపోయిన బూట్ల లేసులతో కట్టలు కట్టుకునేది. ముందు అన్నీ దొరకాలి, తరవాత కూర్చుని రాసుకుంటాననేది ఆమె పద్ధతి. ఒకరోజు పరుగెత్తుకుంటూ వచ్చి ఒక పేపరు నా బల్ల మీద పరిచింది. వేలు పెట్టి చూపించినచోట వాళ్ళ పిన్ని పేరుంది. గోలు కొట్టిన ఇద్దరిలో ఒకరు.

"వీటిని ఇక్కడే పెట్టుకోవచ్చా సార్? హాస్టల్‌కి తీసుకెళ్తే ఎవరైనా పారేస్తారేమో" అంది.

పెట్టుకోమ్మా, ఎవరూ ముట్టుకోరు అన్నాను.

ఈ ఊళ్ళో ఆఫీసులకు ఆయుధపూజ పెద్ద పండగ. పూజకు ముందు గదులన్నీ కడుగుతారు. పాత కాగితాలు అమ్మి, ఆ డబ్బుతో పూలు, మరమరాలు, బూందీ తెస్తారు. టైపురైటరుకూ బీరువాలకూ కుంకుమ పెట్టి, గుమ్మంలో గుమ్మడికాయ పగలగొడతారు. మా ప్రిన్సిపాలు ఆరోజు ప్రతి విభాగానికీ వచ్చి చూసేవారు. ఎవరి గది మెరుస్తోందో పైకే చెప్పేవారు. కిందటేడు ల్యాబువాళ్ళను మెచ్చుకున్నారు. ఈసారి లైబ్రరీని మెచ్చుకోవాలని నాకు పట్టుదల. రాసుకుంటుంటే ఎంత చిన్న కోరికగా కనిపిస్తోందో. ఆరోజు అలా అనిపించలేదు.

కట్టలు మోస్తున్న అటెండరు మధ్యలో ఆగాడు. నాకంటే పెద్దవాడు, ఆ కాలేజీలో నాకంటే పాతవాడు.

"షూ లేసులు కట్టిండేవి ఆ పాపవి గదా సార్. పక్కన పెట్టేదా?"

పక్కన అంటే ఎక్కడ? ఎక్కడ పెట్టినా కనిపిస్తాయి. ఆటోవాడు బయట హారను కొడుతున్నాడు. ఒకటి ఉంచితే ఇంకోటి ఉంచమంటారు, మొత్తం ఖాళీ చెయ్యి అని విసుక్కున్నాను. అతను వాటిని కూడా ఆటోలోకి ఎక్కించాడు. మరునాడు ప్రిన్సిపాలు మెట్ల కింద వేసిన ముగ్గు చూసి చాలా బాగుందన్నారు.

సెలవులయ్యాక ఆ అమ్మాయి వచ్చింది. మెట్ల దగ్గర కాసేపు నిలబడి, నా బల్ల దగ్గరికి వచ్చి, కట్టలు లోపల పెట్టారా సార్ అని అడిగింది. అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. నా నోట్లోంచి వచ్చింది వేరే. అన్నీ బైండింగుకు పంపించామమ్మా, అన్నాను. ఆమె ముఖం వెలిగింది. ఇన్నాళ్ళకు వాటిని ఎవరో పట్టించుకున్నారని నాకు రెండుసార్లు థాంక్స్ చెప్పింది. వెనక టేబుళ్ళు తుడుస్తున్న అటెండరు గుడ్డ చప్పుడు ఆగింది. నేను అటు చూడలేదు.

ఆ తరవాత ఎప్పుడు వచ్చి అడిగినా బైండరు ఆలస్యం చేస్తున్నాడని చెప్పేవాణ్ణి. శుక్రవారం అనేవాణ్ణి, సోమవారం అనేవాణ్ణి. ఆమె వస్తున్నట్టు కనిపిస్తే స్టోర్‌రూములోకి పోయి కూర్చున్న రోజులూ ఉన్నాయి. ఇంతలో గైడు తొందరపెట్టారు. ఆమె నా దగ్గరికి వచ్చి, బైండరు అడ్రసు ఇవ్వండి సార్, నేనే పోయి వాళ్ళ షాపులో ఒక మూల కూర్చుని రాసుకుంటాను అని బతిమాలింది. లేని షాపుకు అడ్రసు ఎక్కడినుంచి తేను? రేపు నేనే పోయి తెస్తానన్నాను.

మరునాడు అటెండరును వెంటబెట్టుకుని పాత బజారు వీధుల్లోని నగర్తపేటకు పోయాను. మా దగ్గర కొన్న రద్దీవాడు అక్కడి ఒక గోడౌనుకు వేస్తాడు. సందులో సందు. తలుపు తీస్తే కప్పు దాకా కాగితాలు. అందులో ఉన్న మనిషికి తెలుగు వచ్చు. ఫలానా కాలేజీ పేపర్లు, కన్నడవి, లేసులతో కట్టి ఉంటాయి అని చెబుతుంటే మా ఇద్దరినీ పైకీ కిందికీ చూశాడు.

"ఏ పేపరని చెప్పేదప్పా? ఈడ ఉండేదంతా పేపరే గదా" అన్నాడు.

అయినా మంచివాడు. వెతుక్కోమన్నాడు. చొక్కా తడిసిపోయేదాకా ఇద్దరం కట్టలు లాగి చూశాం. మాకు దొరికినవన్నీ ఎవరెవరివో పరీక్ష పేపర్లు, పెళ్ళిపత్రికలు, బట్టల కొట్టు బిల్లులు. పండగ ముందు వచ్చిన సరుకు ఏమైందని అటెండరు అడిగాడు.

"పండక్కి కూలోళ్ళంతా ఊర్లకు పోయిండ్రి. లారీ రాలే. మొన్నటి దంకా ఇదో, ఈ మూలనే ఉండెనప్పా. మొన్న లారీ వచ్చె, కాగితం మిల్లుకు ఎత్తుకొని పాయ. ఈపాటికి నానేసి గుజ్జు చేసింటారు."

నేను అబద్ధం చెబుతూ తిరిగిన రోజులన్నీ ఆ కట్టలు ఆ మూలనే ఉన్నాయి. బయటికి వచ్చాక అటెండరు నన్ను టీ తాగమన్నాడు. డబ్బులు తనే ఇచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఇక పట్టుకోవడానికి ఏమీ లేకపోయినా ఆ వారమంతా తిరిగాను. పత్రికాఫీసులో బయటివాళ్ళను పాత సంచికల గదిలోకి రానిచ్చేది లేదన్నారు. ఒక పాత గ్రంథాలయంలో బైండు చేసిన సంపుటాలు ఉన్నాయని ఆశగా పోతే, ఆటల పేజీలను ఎవరో బ్లేడుతో కోసుకుపోయారు. ఎవరి ఫోటో కోసమో కోసి ఉంటారు. వెనకపక్కనున్న రెండు లైన్లు వాళ్ళకు కనిపించి కూడా ఉండవు. ఆ కోసిన అంచును వేలితో తడిమి చూశాను. కోపం తెచ్చుకునే అర్హత నాకు లేదు.

చివరికి ఆమెను పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. బైండింగు మాట అబద్ధమని కూడా చెప్పాను. ఆమె వాటిని ఏ పూట ఇచ్చారని మాత్రం అడిగింది. సాయంత్రం అన్నాను.

"ఆ సాయంత్రం నేను గ్రౌండ్‌లోనే ఉన్నాను సార్. కిటికీలోంచి పిలిచుంటే వచ్చేదాన్ని."

గ్రౌండు మా లైబ్రరీ కిటికీకి ఎదురుగానే ఉంటుంది.

అదేరోజు ప్రిన్సిపాలుకు, గైడుకు నా తప్పు రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. అటెండరుకు దీనితో సంబంధం లేదని కూడా రాశాను. నాకు మెమో ఇచ్చారు. గైడు నన్ను కూర్చోమని, మీరు రాసింది నమ్ముతాను గాని, పోయాయని చెప్పే కాగితం ఆధారం కాదు కదా అన్నారు. ఆడినవాళ్ళను అడిగి రాయవచ్చు కదా అన్నాను. అచ్చులో ఒక్కటైనా తోడు లేకుండా జ్ఞాపకాలను నిలబెట్టలేమన్నారు. 

ఒక సెలవురోజు బొమ్మనహళ్ళికి పోయి వాళ్ళ పిన్నికి కూడా చెప్పుకున్నాను. ఇంట్లో ఏమన్నా కత్తిరించి దాచుకున్నారేమో అన్న ఆశ కూడా ఉంది. ఆమె చేతిలో ఉన్న కొత్తిమీర ఒలవడం ఆపకుండానే విన్నది.

"మా నాయనకు నేను ఆడేది తెలీదు సార్. టైలరింగ్ క్లాసుకని చెప్పి గ్రౌండుకు పోతాంటి. పేపర్లో పేరు పడిన దినం ఆ పేపరు ఇంట్లోకి రాకుండా చూసుకునేదే నా పని. ఇంక దాచుకునేది యాడ?" అంది. కొత్తిమీర కాడలు పక్కకు నెట్టి, "కప్పు ఒకటి ఇచ్చిండ్రి. దాంట్లో మా అత్త ఆవాలు పోసి పెట్టె" అని తనే నవ్వింది. సెలవుకు ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి వింటున్న ఆ అమ్మాయి నవ్వలేదు. లోపలికి పోయింది.

ఆమె విషయం మార్చుకుంది. కాలేజీ క్రీడాకారిణుల వేగం, చురుకుదనం మీద పోలిక. గ్రౌండులో గుర్తులు పెట్టి, స్టాప్‌వాచీ పట్టుకుని పిల్లలను పరుగెత్తించడం కిటికీలోంచి నాకు కనిపించేది. గడువులోపల ఇచ్చింది, పాసైంది. మొదలుపెట్టినది మాత్రం రాయలేదు. తరవాత కూడా ఎవరూ రాయలేదు.

నాకు చేతనైనది ఒకటే ఉంది. ఆ చలికాలం నుంచి ఆదివారాలు ఆడపిల్లల మ్యాచులు ఎక్కడ జరిగినా పోవడం మొదలుపెట్టాను. ఫుట్‌బాల్ నాకు ఏమీ తెలియదు. గ్రౌండు అంచు గీత పక్కన కూర్చుని ఎవరు ఆడారో, ఎవరు గోలు కొట్టారో రాసుకునేవాణ్ణి. సోమవారం టైపు చేసి, రెండు జట్ల కెప్టెన్ల చేత సంతకం పెట్టించి, ఫైలుకు నంబరు వేసి లైబ్రరీ అరలో ఉంచేవాణ్ణి. రిటైరయ్యేదాకా ఆ పని మానలేదు.

మొదటి ఆదివారం ఆడింది ఆ అమ్మాయి జట్టే. ఇంటర్వెల్‌లో నీళ్ళసీసా పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నేను నిజం చెప్పిన రోజు తరవాత నాతో మాట్లాడటం అదే మొదలు. నా చేతిలోని కాగితం కేసి వంగి చూసింది.

"ఆ గోల్ నాది కాదు సార్. నేను పాస్ ఇచ్చానంతే. కొట్టింది ఆ పొట్టి జడల అమ్మాయి" అంది.

ఆమె పేరు కొట్టేసి, లేచి అవతలి గీత దాకా పోయి, ఆ పొట్టి జడల అమ్మాయిని నీ పేరేమిటమ్మా అని అడిగి రాసుకున్నాను.