నత్తితోనే మాట్లాడాను

నాకు నత్తి. ముఖ్యంగా 'క', 'ప' అక్షరాల దగ్గర మాట ఇరుక్కుపోతుంది. మా ఊరేమో కుంట. బస్తరు కొసన ఉన్న ఆ ఊరి పేరు ఎవరైనా అడిగితే చెప్పడానికే నాకు ఆపసోపాలు.

మాది బట్టల కొట్టు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, కొట్టుకు వచ్చే దోర్లా గిరిజన ఆడవాళ్లతో వాళ్ల భాష దోర్లీ. ఒక భాషలో ఆగే మాట ఇంకో భాషలో ఆగదని చిన్నప్పుడెవరో అంటే ఎంతో ఆశపడ్డాను. మూడింటిలోనూ ఒకేలా ఆగేది.

నా డిగ్రీ అయిన ఏడాది, జగదల్‌పూర్‌లో ఉద్యోగం చేసే మా అన్న ఒక సంచి నిండా పుస్తకాలు తెచ్చాడు. అన్నీ వ్యక్తిత్వ వికాసం పుస్తకాలే. తప్పకుండా చదవాల్సినవని ఆఫీసులో ఎవరో జాబితా రాసిచ్చారట. అట్టల మీద సూట్లు వేసుకున్న మగవాళ్లు పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నారు.

"నీకేం తక్కువ లేదు. కాన్ఫిడెన్స్ ఒక్కటే తక్కువ. ఇవి చదువు, ఆర్నెల్లల్ల నువ్వే మారిపోతవ్," అన్నాడు.

నమ్మాను. పరీక్షకు చదివినట్టు చదివాను. తెల్లవారుజామున లేచి, అద్దం ముందు నిలబడి, 'నేను ధైర్యంగా మాట్లాడగలను' అని పదేపదే అనేదాన్ని. అమ్మ పొయ్యి దగ్గర నుంచి, "ఏందే, అద్దంతోటి కొట్లాడుతున్నవా?" అనేది. తడబడే మనిషిని లోకం నమ్మదని ఒక పుస్తకం చెప్పింది. మన వేగాన్ని తగ్గించేవాళ్లకు దూరంగా ఉండమని ఇంకోటి చెప్పింది. ఆ లెక్కన ఊరంతా నాకే దూరంగా ఉండాలి.

ఆర్నెల్లు గడిచాయి. నత్తి అలాగే ఉంది. ఇంతకుముందు మాట ఆగేది, అంతే. ఇప్పుడు ఆగినప్పుడల్లా నేను గట్టిగా ప్రయత్నించలేదన్న నింద కూడా నా మీదే పడేది. నింద వేసేదీ నేనే.

ఆ వేసవిలోనే, సంతరోజు రోడ్డు పక్కన చింతపండు అమ్ముకునే దోర్లా ఆడవాళ్లను ఊరి బయటికి పంపేస్తారని తెలిసింది. దాని మీద ఒక అధికారి పంచాయతీ భవనంలో మీటింగు పెట్టాడు. నేను పుట్టకముందు నుంచీ మా కొట్టులో చీరలు కొనే ఒక ముసలామె నా దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, నువ్వు రా. మా మాట సాబుకు హిందీల చెప్పు."

"అవ్వా, నా నోటి సంగతి నీకు తెల్వదా?"

"తెలుసు. ఆగుతది, మళ్ల వస్తది. మాకేం తొందర?"

నాన్న వద్దన్నాడు. "అందరి ముందట నవ్వులపాలైతవ్ తల్లీ," అన్నాడు. అయినా వెళ్లాను.

అవ్వ దోర్లీలో చెప్పడం మొదలుపెట్టింది. నేను లేచి హిందీలో 'ఈమె ఏమంటోందంటే' అని చెప్పబోయాను. 'యే క... క... క...' దగ్గరే ఆగిపోయాను. 'కహతీ హై' అన్న మాట గొంతులోంచి రాలేదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అధికారి గడియారం చూసుకుని, "కోయీ ఔర్ బోలో, జల్దీ," అన్నాడు, ఇంకెవరైనా తొందరగా చెప్పమని.

"నేను చెప్తా సాబ్," అంటూ ఒక షావుకారు లేచాడు. ఆ ఆడవాళ్లు కూర్చునేది ఆయన కొట్టు ముందే. వాళ్లను పంపేయమని అర్జీ పెట్టిందీ ఆయనే.

ఇలాంటప్పుడు గాఢంగా ఊపిరి పీల్చి చిరునవ్వు నవ్వాలని చదివాను. నవ్వలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మీరు కూ... కూర్చోండి. నేనే చెప్తాను," అన్నాను. తర్వాత అధికారి వైపు తిరిగి హిందీలో, "నా మాట ఆగుతుంది సాబ్. అది ఆగినప్పుడు మీరూ ఆగండి," అన్నాను.

అవ్వ ఏమీ జరగనట్టు తన మాట మళ్లీ అందుకుంది. కొత్తచోట నీడ లేదు, నీళ్లు లేవు. ఎర్రబోరు వైపు నుంచి వచ్చే బస్సు రోడ్డు మీదే దింపేస్తుంది, అక్కడి నుంచి తలమీద గంపతో వాగు దాటి నడవాలి. ఒక్కొక్క వాక్యాన్నీ లాగి లాగి చెప్పాను. పూర్తయ్యేసరికి దవడలు నొప్పి పుట్టాయి, జాకెట్టు చెమటతో తడిసిపోయింది. అధికారి మాత్రం చివరిదాకా విన్నాడు.

మర్నాడు ఆయనే వెళ్లి ఆ చోటు చూసొచ్చాడు. రోడ్డు పక్క సగం జాగా వాళ్లకు ఉంచి, మిగతా సగం బండ్లు ఆపుకోవడానికి ఇచ్చారు. అడిగింది మొత్తం దక్కలేదు. షావుకారు మాత్రం మా నాన్నతో మాటలు మానేశాడు.

సంగతి తెలిసి అన్న సంబరంగా ఫోన్ చేశాడు. "చూసినవా, పుస్తకాలు పనిచేసినయ్!"

"లే... లేదన్నా. అవి నత్తి పోగొట్టుకుని మాట్లాడమన్నయ్. నేను నత్తితోనే మాట్లాడిన."

"మరి ఇంకేం పుస్తకాలు పంపాలె?" అన్నాడు.

"క... కథలవి పంపు."

ఇప్పుడు ఆ ఆడవాళ్లు ఆస్పత్రికి పోవాలన్నా, బ్యాంకుకు పోవాలన్నా నన్ను పిలుస్తారు. కౌంటర్ల దగ్గర నా మాటను మధ్యలోనే అందుకుని పూర్తిచేసేవాళ్లు ఉంటారు. వాళ్లన్నది సరైన మాటే అయినా సరే, నేను మళ్లీ మొదటి అక్షరం నుంచి మొదలుపెడతాను.