పొయ్యి రాజేయని పొద్దు

మొన్న తిరుత్తణిలో మా తమ్ముడింట్లో ఉండగా, వంటిళ్ళలో గాలి ఎంత చెడిందో కొలిచే సర్కారు పరిశోధన అంటూ చదువుకున్న అమ్మాయి ఒకతె వచ్చి, అరచేతిలో పట్టేటంత పెట్టె ఒకటి గ్యాస్ పొయ్యి పక్కన తగిలించి, రేపు వచ్చి తీసుకుపోతానని చెప్పి వెళ్ళింది. ఆమె గుమ్మం దిగిందో లేదో మా మరదలు గట్టు తుడిచి, కిటికీలు బార్లా తెరిచి, ఈ పూటకు వంటెందుకు, హోటలు నుంచి ఇడ్లీలు తెప్పిద్దామంది. నాకు ఒళ్ళు మండిపోయింది. తాలింపు పెట్టు, అప్పడాలు వేయించు, రోజూ చేసేదేదో అదే చెయ్యి అని కేకలేశాను. పెద్దదాన్ని కనుక పాపం ఎదురు చెప్పలేదు కానీ, ముసలామెకు మతి చలించిందని అనుకునే ఉంటుంది. ఆ కోపం ఆమె మీద కాదని మన ఈడువాళ్ళకైనా చెప్పుకుందామని ఇది రాస్తున్నాను.

మాది అత్తిమంజేరిపేటలో మగ్గాల వీధి. నడవలో నాయన గుంటమగ్గం, ఆ గోడకు అవతల వంటిల్లు. మసి వచ్చి తెల్లటి పడుగు మీద పడితే నూలిచ్చిన మేస్త్రి బట్ట తీసుకోడు కనుక, ఆ గోడకున్న ఒకే ఒక్క కిటికీని నాయన చెక్క కొట్టి మూసేశాడు. బట్ట తెల్లగా ఉండాలి, పొగ అమ్మతో పాటు లోపలే ఉండాలి. ఈ ఏర్పాటులో తప్పేముందని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు, అమ్మకు కూడా. మండని సీమతుమ్మ కట్టెలను ఊదుగొట్టంతో ఊదీ ఊదీ ఆమె కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. ఇంటిల్లిపాది వంట చాలదన్నట్టు పడుగుకు పట్టించే గంజి కూడా ఆ పొయ్యి మీదే కాగేది. అమ్మ దగ్గు, నాయన మగ్గం చప్పుడు, ఆ రెండింటి మధ్యనే కూర్చుని నేను పాఠాలు చదువుకున్నాను.

ఇప్పుడు తిరువళ్ళూరు రోడ్డు పొడుగునా కట్టెల పొయ్యి వంట అని బోర్డులు పెట్టి అమ్ముతుంటే, మన తరంవాళ్ళే కార్లు ఆపి తిని, అమ్మ చేతి వంట గుర్తొచ్చిందని మురిసిపోతున్నారు. రుచి ఉంటుంది, కాదనను, నేనూ తిన్నదాన్నే. కానీ అలా మురిసేవాళ్ళలో ఊదుగొట్టం పట్టినవాళ్ళు ఒక్కరూ నాకు కనబడలేదు. ఆ హోటళ్ళ ముందు బస్సు ఆగినా నేను దిగను.

నేను బడిలో చదివే రోజుల్లోనే, పొగగొట్టం ఉన్న కొత్తరకం పొయ్యిలు సర్కారే కట్టించి ఇస్తుందని, ముందుగా మద్రాసు నుంచి కొందరు మిషను తెచ్చి వంటిళ్ళు చూసి పోతారని మా వీధికి కబురొచ్చింది. ఏనాడూ ఫలానాది కావాలని నోరు తెరిచి అడగని అమ్మ, ఆ పొయ్యి మాత్రం కావాలనుకుంది. గొట్టం ఏ మూల నుంచి పైకి పోతుందో, ఏ పెంకులు తీయాల్సి వస్తుందో మమ్మల్ని పిలిచి చూపించేది. పొగ ఎక్కువున్న వీధికే పొయ్యిలిస్తారన్న సంగతి ఎవరూ మా ఆడవాళ్ళకు చెప్పలేదు. పెళ్ళిచూపుల్లో పిల్లను చూసినట్టు వంటిల్లు చూస్తారని, నీటుగా ఉన్న ఇంటికే పొయ్యి దక్కుతుందని వాళ్ళకు వాళ్ళే అనుకున్నారు. ఆ పొద్దు పొయ్యి వెలిగించకూడదని తీర్పు చెప్పింది మా అవ్వ.

"పెద్దమనుషులు ఇంట్లోకొచ్చే పొద్దు ఎవురన్నా పొయ్యి రాజేస్తారంటే? కండ్లల్లో నీళ్ళు కార్చుకుంటా పోవాల్నా వాళ్ళు? మానం పోతాది!"

వీధి వీధంతా అదే మాట మీద నిలబడింది. గోడలకు సున్నం కొట్టి, పేడతో అలికి, చల్లారిన పొయ్యికి ముగ్గులు పెట్టి, పసుపు కుంకుమలు అద్దారు. వంటలు, చివరికి వచ్చినవాళ్ళకు కాఫీలు కూడా పెరట్లో మూడు రాళ్ళ మీదే కాచారు. మద్రాసు సార్లు పొగను కొలిచే ఆ మిషను లోపల పెట్టి, అరుగు మీద కూర్చుని ఆ కాఫీలు తాగారు. వాళ్ళలో పెద్దాయన ఒక్కడు, మీరు వండేది ఇక్కడేనా అని అడిగాడు. "ఆమా సామీ, ఈడేనే" అంది అమ్మ. అది అబద్ధం కాదు. ఆ పొయ్యి మీద చెయ్యి పెట్టి చూసినవాడు లేడు, సాయంత్రం వంటవేళ దాకా ఉండి చూద్దామన్నవాడూ లేడు. ఇల్లు ఎంతో శుభ్రంగా ఉందని మెచ్చుకుని జీపెక్కారు. అంత చదువు చదివి, అంత ప్లాను వేసి, మా మర్యాదను కొలుచుకుని, ఇక్కడ పొగ లేదని రాసుకుని పోయారు.

కొన్నాళ్ళకు పొయ్యిలు వేరే ఊరికి పోయాయని, మా వీధిలో పొగ తక్కువని మిషను చెప్పిందని పంచాయతీ గుమాస్తా వచ్చి చెప్పాడు. అమ్మ, "పోనీలే, మన ఇల్లు సుత్తంగా ఉందన్నాడు గదా ఆ సారు" అని లేచి కట్టెలు తెచ్చుకుంది. ఆ మెప్పును ఆమె ఎన్నో ఏళ్ళు చుట్టాలకు చెప్పుకుని సంతోషపడింది. ఆ సంతోషం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది.

నాకు ఉద్యోగమొచ్చిన కొత్తలో, పెరట్లోకి పోయి రావడానికే ఆమెకు ఆయాసం వచ్చేది. తిరువళ్ళూరులో ఒక డాక్టరుకు చూపిస్తే, ఛాతీ విని, ఎన్నేళ్ళుగా బీడీలు తాగుతున్నావమ్మా అని అడిగాడు. చుట్టూ జనం. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అయ్యయ్యో, మా ఇంట్లో ఆడోళ్ళకు ఆ అలవాటు లేదు సామీ" అంది. జేబులో బీడీ కట్ట ఉన్న నాయన నేల చూస్తూ నిలబడ్డాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయని, ఇక పెద్దగా చెయ్యగలిగింది లేదని డాక్టరు చెప్పిన మాట ఆమె చెవినే పడలేదు. తిరుగు బస్సులో రొప్పుతూనే, "అంతమంది ముందర అట్ల అడిగేసినాడే" అని కుమిలిపోయింది. ఆ ఏడే, ఆడికృత్తిక పండగకు మొక్కు కావళ్ళు తిరుత్తణి కొండెక్కే రోజుల్లో పోయింది. ఆమెది పోయే వయసు కాదు.

ఇప్పుడు ఆ వీధిలో ఇంటింటా గ్యాసు ఉంది. గుంటమగ్గాలు ఎప్పుడో పోయాయి. సర్కారు లెక్కలో మాది పొగ లేని వీధి, ఆ లెక్కన మా అమ్మ బతికినన్నాళ్ళూ మంచి గాలే పీల్చింది. అన్నిటికన్నా మారింది ఆడపిల్లల నోరు. మా మనవరాలు కాస్త తలనొప్పి వచ్చినా ఇల్లంతా వినబడేలా చెబుతుంది, ఎదురుగా ముక్కూ మొహం తెలియనివాళ్ళున్నా లెక్కచేయదు, కావలసింది గట్టిగా అడిగి తీసుకుంటుంది. ఇదేం సిగ్గులేని పిల్లరా అని నా నోటి చివరిదాకా వస్తుంది, అంతలోనే ఆ మాట మింగేస్తాను. ఆ సిగ్గులేనితనం మా అమ్మకు ఆ ఒక్క పొద్దు ఉండి ఉంటే, వచ్చినవాళ్ళ ముందరే పొయ్యి రాజేసి ఉండేది.