బొమ్మ లేని పేజీ

అరవయ్యో దశకం చివర్లో మేము యూనివర్సిటీ క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా ఆయన హాస్టల్లో వంటమనిషి. మా బిడ్డ సుజాత తార్నాక బడిలో మూడో తరగతి. నాకు చదువు రాదు. అయినా రోజూ సాయంత్రం దాన్ని పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకునేదాన్ని. పాఠం పైకి చదివి, నాకు అర్థమయ్యేలా చెప్పేదాకా పెనం మీద జొన్నరొట్టె వేసేదాన్ని కాదు.

ఒకరోజు తల్లిదండ్రులందరినీ బడికి పిలిచారు.

"సుజాత మంచిగ చదువుతున్నది. ఇంట్ల ఎవరు చదివిస్తరు?" అని టీచరమ్మ అడిగింది.

"నేనే" అన్నాను గర్వంగా.

"అయితే ఎట్ల చదివిస్తరో అందరికీ చూపించండి" అంటూ పుస్తకం తెరిచి నా చేతికిచ్చింది.

ఏ పాఠమో పోల్చుకుందామని పేజీ పైనుంచి కిందిదాకా చూశాను. నా ఖర్మకొద్దీ ఆ పేజీలో బొమ్మ కూడా లేదు. విని విని నోటికొచ్చిన కోతి పాఠం గడగడా అప్పజెప్పాను. అందరూ ఘొల్లున నవ్వారు. అక్కడున్నది చెరువు పాఠమట!

నేను తల దించుకోలేదు. "నాకు చదువు రాదు టీచరమ్మా. బిడ్డ చదివితే వింట. నాకు సమజయ్యేదాక దాన్ని ఇడువ" అన్నాను. నవ్వులు ఆగిపోయాయి.

ఆ సాయంత్రం రొట్టె చేసి పిలిస్తే, సుజాత పుస్తకం నా ఒళ్లో పెట్టింది.

"ఇయ్యాల నువ్వు చదువు అమ్మా. అప్పటిదాక నేను తినను."

బిడ్డ పస్తుంటానంటే ఏ తల్లి ఊరుకుంటుంది? ఆ పూటే అక్షరాలు పట్టాను, మళ్లీ వదల్లేదు. ఇది రాసింది నేనే. దిద్దుతానని సుజాత వచ్చింది. ముట్టనివ్వలేదు.