సబ్బు సాయిబు గడ్డం

చదివే అయ్యలూ అమ్మలూ ముందుగా నా రాతకు మన్నించాలి. పల్లెబడిలో పలక దాకా సాగిన చదువు నాది. గీతలు వంకర పోతాయి. ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియనిచోట వదిలేస్తాను. పత్రికవాళ్ళు దిద్ది వేసుకుంటారని ధైర్యం చేసినాను. రాయవలసిన మాట ఒకటుంది. పుంగనూరు సబ్బు సాయిబు పోయినాడు.

నమాజు నుంచి ఇంటికి వచ్చి, అచ్చుల్లో పోసిన సబ్బు గట్టిపడిందా అని వేలితో నొక్కి చూస్తూ అట్లే పక్కకు ఒరిగినాడట. ఆయన కొడుకు మదనపల్లెకు వచ్చి చెప్పినాడు. నేను వెంటనే నమ్మలేదు. ఆ మనిషి ఇంత నిదానంగా పోతాడని ఎవరనుకున్నారు? ఒకసారి సంత సంతంతా ఆయనను చంపబోయింది.

నేనెవరో చెప్పాలి. మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో, కోతకూ కుట్టుకూ ముందు రోగుల వెంట్రుకలు గొరిగే పని చేసినాను. నా చేతి కిందికి జ్వరాలవాళ్ళు రారు. తలలు పగిలినవాళ్ళు వస్తారు. రామసముద్రం పక్క కాలువ నీళ్ళ కాడ గడ్డపారలతో కొట్టుకున్నవాళ్ళు, కలకడ వైపు తిరనాళ్ళలో తాగి కొడవళ్ళు విసురుకున్నవాళ్ళు, ఎద్దు కుమ్మినవాళ్ళు. రక్తం గడ్డకట్టి జుట్టు అట్టలాగా అంటుకొని ఉంటుంది. దాన్ని నానబెట్టి, గాయం అంచు తెగకుండా గొరగాలి. చేయి వణికితే ఇంకో గాయం. నాకు మాటలు తక్కువ. ఆ పనికి మాటలు అక్కరలేదు.

నురుగు మాత్రం కావాలి. వట్టి నీళ్ళతో గొరిగితే కత్తి పట్టేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మద్రాసు నుంచి సీమ సబ్బు కడ్డీలు వచ్చేవి. యుద్ధం వచ్చినాక అవి రాలేదు. గుడ్డల సబ్బు వాడినాను, ఎర్ర కార్బాలిక్ సబ్బు వాడినాను. తల పగిలిన ఒకడు, సబ్బు తగలగానే నా కడుపులో తన్నినాడు. ఇంకొకడు గుద్దిన గుద్దుకు నా ముందు పన్ను ఊడి నురుగు గిన్నెలో పడింది. డాక్టరమ్మ మా ఇద్దరినీ చూసి, "ముందు ఎవరికి కుట్టేది?" అని అడిగింది.

మంచిది, చవకది, గడ్డం సబ్బు ఎక్కడైనా దొరుకుతుందా అని మదనపల్లె అంగళ్ళన్నీ తిరిగినాను. చివరికి పుంగనూరు సంతలో సాయిబు కనబడినాడు. గోనెపట్ట మీద బూడిద రంగు బిళ్ళలు పేర్చుకొని కూర్చున్నాడు. రొమ్ము మీదికి పడిన గడ్డం. కోడిగుడ్డు ఒకటి ఇస్తే బిళ్ళ ఒకటి ఇస్తాడు.

"గడ్డం సబ్బేనా?" అన్నాను.

"గడ్డం సబ్బే."

నేను ఆయన గడ్డం వైపు చూసినాను. పక్కన చెప్పులు కుట్టే ఆయన అన్నాడు.

"పుట్టినప్పట్నించీ కత్తి సూడని మూతి గదప్పా అది. ఆయన్నా నువ్వు అడుగుతాండేది?"

"నువ్వు కుట్టేది ఆడోళ్ళ సెప్పులు," అన్నాడు సాయిబు. "తొడుక్కోని సూసే అమ్ముతాండావా?"

నురుగు మాత్రం బాగుండేది. మీగడ మాదిరి చిక్కగా నిలిచేది, కత్తి జారుకుంటూ పోయేది. ఆయన ఏదీ దాచేవాడు కాదు. చవుడు మన్ను, సున్నం కలిపి వడగట్టిన నీళ్ళు, గొర్రె కొవ్వు, కొంచెం ఆముదం. ఆ చవుటి నీళ్ళలో కోడిగుడ్డు తేలితే ఘాటు చాలినట్టు. గుడ్డు కావాలనేది అందుకే.

ఒక్కటే లోటు. రోగులు మండుతుందని అరిచేవాళ్ళు. పుంగనూరు పోయినప్పుడల్లా ఆ సంగతి సాయిబుకు చెప్పేవాణ్ణి. ఆయన ఒప్పుకునేవాడు కాదు.

"మండేది పుండప్పా, సబ్బు గాదు. తల పగిలినోడికి ఏం పూసినా మండదా?"

అదీ నిజమే అనిపించేది. పుండు లేనివాణ్ణి నేనెప్పుడు గొరిగినాను గనక?

యుద్ధం ఇంకా సాగుతుండగా కుప్పం సంతలో, నేను మొదట చెప్పిన ఆ గొడవ జరిగింది. నేను అక్కడ లేను. ఆయనను మోసుకొచ్చినవాళ్ళు చెప్పినారు. ఒకడు బిళ్ళ వాసన చూసి, "ఇంత నురుగు యాడిది సాయిబూ, ఏమేస్తాండావు?" అని అడిగినాడట. సాయిబు నోటినిండా ఆకువక్క. "కొవ్వు," అన్నాడట. ఉమ్మేసి మిగతాది చెబుదామని పక్కకు తిరిగినాడు. ఆ లోపలే సంత చెప్పేసింది. ఒకడు ఆవు కొవ్వన్నాడు. ఇంకొకడు పంది కొవ్వన్నాడు. ఆయన మతంవాళ్ళూ, కానివాళ్ళూ ఒక్కటై మీద పడినారు. బండి గూటాలు, తక్కెడ రాళ్ళు, చేతికి ఏది దొరికితే దానితో కొట్టినారు. కింద పడేసి బిళ్ళలు నోట్లో కుక్కినారు. ఒకడు చెరుకు నరికే కత్తి విసిరినాడు. అది కుడి చెవి కింద నుంచి గడ్డంలోకి దిగి చుబుకం దాకా చీల్చింది. నోట్లో నుంచి నురుగూ రక్తమూ కలిసి కారుతుంటే, చచ్చినాడులే అని వదిలేసినారు.

చెప్పులు కుట్టే ఆయన కూడా ఆ సంతకు పోయి ఉన్నాడు. ఆయనా ఒక బండివాడూ కలిసి, ముఖానికి గుడ్డ చుట్టి, బొగ్గుతో నడిచే బస్సు ఎక్కించినారు. మదనపల్లె చేరేసరికి రెండు దినాలు పట్టి, గాయం వాసన వస్తూ ఉంది.

"గడ్డం మొత్తం తీసెయ్యాలి," అంది డాక్టరమ్మ. "వెంట్రుకలు లోపలికి పోయి చీము పట్టింది. కడిగి కుట్టకపోతే బతకడు."

సాయిబు తల అడ్డంగా ఊపినాడు. దవడ కదలదు. పళ్ళ సందులోనుంచి మాట్లాడినాడు.

"వద్దమ్మా. నా వాళ్ళు గూడా కొట్టిరి. పంది కొవ్వోడంటిరి. గడ్డం గూడా లేకుండా మసీదుకు యా మొగం పెట్టుకోని పోయేది? ఇట్లే పోనీండి నన్ను."

డాక్టరమ్మ కోప్పడింది, బతిమాలింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. నేను గిన్నె పట్టుకొని నిలబడి ఉన్నాను. నోరు తెరవడం నాకు కష్టం. అయినా తెరిచినాను.

"పెరుగుతాది," అన్నాను.

కళ్ళు తెరిచినాడు. "ఏమి?"

"గడ్డం. మళ్ళీ పెరుగుతాది. నువ్వుంటే."

నా చేతిలోని గిన్నె వైపు చూసినాడు.

"సరే. నా సబ్బుతోనే తియ్యి."

దెబ్బ తగలని ఎడమ చెంపకు ముందు నురుగు పూసినాను. కొంచెం సేపు కదలకుండా ఉన్నాడు. తర్వాత కనుబొమలు పైకి లేచినాయి.

"ఏమప్పా, మండుతాండాది."

"ఊఁ."

"ఈ పక్క పుండు లేదే."

"లేదు."

"ఇన్నాళ్ళూ జనాలకి ఇట్లే మండెనా?"

"సెప్తానే ఉంటి గదా."

కుడి వైపు, తెగిన అంచుల వెంట నేను గొరుగుతుంటే ఇనుప మంచం కడ్డీ బిగించి పట్టుకున్నాడు.

"నీ కంటే ఆ సంతోళ్ళే నయమప్పా."

"నా కంటే గాదు, నీ సబ్బు కంటే," అన్నాను. నవ్వబోయినాడు. కుట్టు వేయక ముందే నవ్వితే దవడ ఊడి వస్తుందని డాక్టరమ్మ ఇద్దరినీ తిట్టింది.

బతికినాడు. గడ్డం మళ్ళీ పెరిగింది, ఈసారి తెల్లగా. కత్తి దిగిన దారిలో మాత్రం ఒక్క వెంట్రుక మొలవలేదు. చెవి నుంచి చుబుకం దాకా పచ్చికలో కాలిబాట మాదిరి నున్నగా ఉండిపోయింది. అక్కడ చర్మం పలచన. ఎండ తగిలినా మండేదట. లేచి తిరిగే ఓపిక రాగానే సాయిబు కాగు కడిగి, చవుటి నీళ్ళు తగ్గించి, కొవ్వు పెంచి, మళ్ళీ కాచినాడు. ఆరిన బిళ్ళను తడిపి ఆ మచ్చ మీద రుద్దుకున్నాడు. మండింది. ఆ వాయి మొత్తం చాకలివాళ్ళకు ఇచ్చేసినాడు. మళ్ళీ కాచినాడు. ఆ మచ్చ ఒప్పుకున్న బిళ్ళే ఇక గోనెపట్ట మీదికి వచ్చేది. ఆ తర్వాత నన్ను ఎవరూ తన్నలేదు. ఏడ్చినవాళ్ళు పుండుకే ఏడ్చినారు.

కుప్పం సంతకు మళ్ళీ పోతానన్నాడు. ఒక్కణ్ణే పంపడానికి మనసొప్పక నేనూ పోయినాను. అదే చోట కూర్చున్నాడు. పక్కన ఒక పొట్టేలును కట్టేసినాడు. బలమైన మనిషి ఒకడు వచ్చి, బిళ్ళ చేతిలోకి తీసుకొని, "ఏం కొవ్వు సాయిబూ?" అన్నాడు. నేను సాయిబు పక్కకు జరిగినాను.

"దీని అన్నది," అని సాయిబు పొట్టేలును చూపించినాడు. "నమ్మకం లేకుంటే దాన్నే అడుగు. అది ఆకువక్క ఏసుకోదు, నా కంటే తెలివిగా సెప్తాది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వినారు. ఆ మనిషి ఒక బిళ్ళ కొన్నాడు. పోతుంటే సాయిబు వెనక నుంచి పిలిచి, "మండితే మళ్ళీ సంతకొచ్చి సెప్పప్పా" అన్నాడు. కొన్న ప్రతివాడితోనూ అనేవాడు ఆ మాట. ఆ బలమైన మనిషి కనుమరుగైనాక నాతో నిదానంగా చెప్పినాడు. ఆనాడు తన నోట్లో బిళ్ళలు కుక్కిన చేతులు అవేనట. తర్వాతి సంతకు వాడు వచ్చి, తల దించుకొని, "మండలేదు" అని చెప్పిపోయినాడని కూడా విన్నాను.

సాయిబు పోయిన రోజు నాకు ముఖం చూపించినారు. గడ్డం దువ్వి ఉంది. ఆ కాలిబాట ఎవరూ నడవనట్టు శుభ్రంగా ఉంది.

నలభయ్యో దినం ఫాతెహా ప్రార్థనకు మళ్ళీ పోయినాను. కొడుకు నన్ను వెనక పెరట్లోకి తీసుకుపోయినాడు. సాయిబు వేలితో నొక్కి చూసిన ఆఖరి వాయి ఆరి ఉంది.

"మామా, ఇది మండుతాదో లేదో ఎట్ల సూసేది? నాయన మొగం మీదనే గదా సూసేది."

వాడు తన చెంపకు రుద్దుకున్నాడు. పడుచు చర్మం, ఏమీ తెలియలేదు. నా చెంపకు రుద్దినాడు. నాది ముసలి తోలు, దానికి ఇప్పుడు ఏదీ తెలియదు. చివరికి వచ్చినవాళ్ళకు తలా ఒక బిళ్ళ ఇచ్చి పంపినాడు. పెద్దతిప్పసముద్రం వాళ్ళూ, కుప్పం వాళ్ళూ తీసుకుపోయినారు.

మీలో ఎవరి ఇంటికైనా ఆ బిళ్ళ వచ్చి ఉంటే, దానితో గడ్డం గీసుకొని, మండిందో లేదో ఈ పత్రికకు ఒక కార్డు ముక్క రాయండి. మర్యాదకు మండలేదని రాయవద్దు. తొందరగా రాయండి. కొడుకు కాగు పొయ్యి మీదికి ఎక్కించినాడు. కొవ్వు వేసినాడు. చవుటి నీళ్ళ కుండ చేతిలో పట్టుకొని, ఎంత పోయాలో తెలియక, నిప్పు పెట్టని పొయ్యి ముందర కూర్చొని ఉన్నాడు.