రొహానా తలూపితేనే

మలేషియాలోని ఇపో పునరావాస కేంద్రంలో జ్ఞాపకశక్తి ఆటల ట్యాబ్లెట్ చేతికి రాగానే బూన్ లెంగ్ ముందు దాన్ని భుజం మీది తువ్వాలుతో తుడుస్తాడు. కాఫీ హోటల్లో బల్లలు తుడిచిన చెయ్యి మరి, ఊరుకోదు. స్కిజోఫ్రీనియా రాకముందు హోటలంతా ఇచ్చే ఆర్డర్లు రాసుకోకుండా తలలో పెట్టుకునేవాడు. ఇప్పుడు తెర మీది బొమ్మ మనుషులు ముగ్గురు కాఫీ అడిగితే, ఇద్దరికి టీ ఇచ్చి మూడోవాణ్ణి మరిచిపోతాడు. మూడు ఆర్డర్లు గుర్తుంటే చాలు, పనిలోకి రమ్మన్నాడు పాత యజమాని. "నాలాంటివాడు వడ్డిస్తే నేనే ఇంకో హోటల్ చూసుకుంటాను," అని నవ్వుతాడు లెంగ్.

ఏ మాట వినబడినా బదులిచ్చేముందు పక్క కుర్చీలో తోడుగా కూర్చునే రొహానా వంక చూస్తాడు. ఆమె తలూపితే అది బయటి మాట. లేకపోతే, ఏళ్ల తరబడి అతని తలలో కాపురముండి, దద్దమ్మా అని తిట్టిపోసేవాడిది.

నిన్న ముగ్గురికీ సరిగ్గా అందించాడు. "శభాష్ లెంగ్!" అని వినబడింది.

"విన్నావా అక్కా? ట్యాబ్లెట్ మెచ్చుకుంది."

"లేదురా తమ్ముడూ. గోల భరించలేక నర్సమ్మ పొద్దున్నే దాని సౌండు తీసేసిందిగా."

లెంగ్ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"బాగుంది వరస! ఇన్నాళ్లూ వైద్యం నాకనుకున్నాను. బాగుపడింది ఆ తిట్టేవాడన్నమాట."